ప్రయాణపు చీటియు, ప్రయాణికుని గుట్టును

గుమ్మడికాయల దొంగ యన్నంతనే భుజములు తడవుకొనువాని సామెత తెలుగునాట నెరుగనివారు లేరు. ఇటీవల ఈ సామెతకు క్రొత్త యుపయోగ మొకటి కలిగినది. నగరములలో బస్సులకును రైళ్లకును కాగితపు టిక్కెట్టునకు మారుగా స్మార్టు కార్డులు వచ్చినవి. ఈ కార్డు ప్రయాణికుడు ఎచ్చట ఎక్కెనో, ఎచ్చట దిగెనో, ఏ నిమిషమున దిగెనో సర్వమును వ్రాసి యుంచుచున్నది గదా, ఇది తగునా యని యెవరైన సందేహించిరేని, "దాచుకొనదగిన పని చేయనివానికి భయమేల?" యని ప్రక్కవారు వెంటనే యడుగుదురు. అడిగి, ఆ సందేహించినవాని భుజముమీద గుమ్మడికాయ బూడిద యున్నదేమో యని యొకసారి చూతురు గూడ. ప్రశ్న చిన్నదే. కాని వ్యక్తి స్వాతంత్ర్యమునకును సంఘాధికారమునకును నడుమ నుండవలసిన యెల్ల యేదియో అను విచారమంతయు దీనియందే యిమిడియున్నది. కావున దీనిని సామెతతో త్రోసిపుచ్చక, కొంత నిదానముగా పరిశీలింప దలచితిమి.

మొదట ఈ కార్డు చేయు పని యేమో తెలిసికొనవలయును. పూర్వము కండక్టరు మన చేతి డబ్బు పుచ్చుకొని టిక్కెట్టు చించి యిచ్చెడివాడు. దానిమీద వెల యుండెను, వరుస సంఖ్య యుండెను; మన పేరు మాత్రము లేదు. దిగిన పిమ్మట దానిని నలిపి పారవైచితిమేని ఆ ప్రయాణము ముగిసినట్లే. ఎవరో యొకరు ఈ యూరినుండి ఆ యూరికి పోయిరని లెక్కలలో మిగులును. ఆ పోయినవా రెవరో మిగులదు. నేటి కార్డులోపల చిన్న చిప్పు గలదు. స్టేషను ద్వారముకడ దానిని తాకించినంతనే కార్డు సంఖ్యయు, స్టేషను పేరును, గంటయు, నిమిషమును యంత్రములోని కెక్కును. వెలుపలికి వచ్చునపుడు మరల నెక్కును. ఆ కార్డు బ్యాంకు ఖాతాతోనో ఫోను నంబరుతోనో ముడిపడియున్నచో యజమాని పేరును దానివెంట వచ్చును. ఒక్క ప్రయాణపు పద్దు చూచిన నేమియు తెలియదు. ఏడాది పద్దులు వరుసగా చూచినచో, ఆ మనుష్యుడు ఎచ్చట నివసించునో, ఎచ్చట పని చేయునో, ఏ గుడికి పోవునో, ఏ వైద్యుని కడకు పోవునో, ఏ నాటినుండి పోవుట మానెనో అన్నియు తెలిసిపోవును. టిక్కెట్టు మనల నడిగిన దొక్కటే: డబ్బు చెల్లించితివా యని. కార్డు మరియొకటి కూడ నడుగుచున్నది: నీ వెవరవు, ఎచ్చటి కెచ్చటికి పోవుదువు అని.

ఈ కార్డులవలన మేలు లేదని మేము చెప్పము. హాంకాంగునగరమున 1997లో ఆక్టోపసు కార్డును, జపానునందు 2001లో సుయికాయు, లండనులో 2003లో ఓయిస్టరును ఆరంభమైనవి. హైదరాబాదు మెట్రోరైలు 2017 నవంబరులో మొదలైనప్పుడు అచ్చటను స్మార్టు కార్డు వచ్చినది. దేశమంతటను ఒకే కార్డు చెల్లవలయునని 2019 మార్చిలో జాతీయ కార్డును గూడ ప్రారంభించిరి. చిల్లర జగడము లేదు. వరుసలో నిలుచు బాధ తగ్గినది. ఏ మార్గమున ఏ వేళ జనము క్రిక్కిరియుదురో తెలిసి, అధికారులు మరియొక బండిని వేయగలుగుచున్నారు. ఇవియన్నియు ప్రజలకు మేలులే. యంత్రమును చూచి బెదరి, ఎడ్లబండియే మేలని పలుకుట మా మతము కాదు. మేలు చేయు వస్తువు కీడు చేయదను నమ్మకమును మాత్రము మేము పరీక్షింపగోరుచున్నాము.

బాటసారి జాడ తెలిసికొనవలయునను కోరిక యేలువారికి నేడు పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను నుద్యోగి యొకడు కలడు. అతడొక మాషము పుచ్చుకొని ముద్ర నిచ్చును; ఆ ముద్ర గలవాడే జనపదమున ప్రవేశించుటకైనను వెడలుటకైనను అర్హుడు. ధర్మశాలల యధిపతులు పాషండులను బాటసారులను అధికారులకు తెలియజేసిన పిమ్మటనే బస యియ్యవలయునని మరియొకచోట గలదు. అయినను ఆనాటి రాజు అందరి జాడయు నెరుగగలిగెనా? ఎరుగజాలడు. ఏలయన, ఒక మనుష్యుని వెంబడించుటకు మరియొక మనుష్యుడు కావలయును. వ్రాయుటకు వ్రాయసకాడు కావలయును. వ్రాసినది వెదకుటకు నెలలు పట్టును. చట్టము కాపాడని ప్రజను రాజోద్యోగుల యలసట కాపాడినది. నేడా యలసట లేదు. లక్షలమంది ప్రయాణముల జాడ యంత్రము శ్రమ యెరుగక వ్రాయుచున్నది, క్షణములో వెదకి యిచ్చుచున్నది. ప్రకృతి పెట్టిన యెల్ల చెరిగిపోయినప్పుడు ధర్మము దానిస్థానమున మరియొక యెల్లను గీయవలయును. మేము చెప్పదలచిన విషయమున కిదియే మొదలు.

వ్రాసి యుంచిన లెక్క వ్రాసినవారి పెట్టెలోనే భద్రముగ నుండునని కొందరు నమ్ముదురు. లోకానుభవము వేరుగా నున్నది. హాంకాంగులో ఆక్టోపసు కంపెనీవారు తమ బహుమాన పథకమున చేరిన సుమారు 20 లక్షలమంది వివరములను వ్యాపారసంస్థలకు విక్రయించి, 4 కోట్ల 40 లక్షల హాంకాంగు డాలర్లు గడించినట్లు 2010లో బయటపడినది. అవి ప్రయాణపు పద్దులు కావు, జనుల సొంత వివరములు. అయినను ప్రయాణపుకార్డు పేరిట చేరిన నమ్మకమునే విక్రయించిరి గదా. జపానులో 2013వ సంవత్సరమున తూర్పు జపాను రైల్వే కంపెనీవారు సుయికా ప్రయాణముల లెక్కలను, పేర్లు తీసివైచి, హిటాచీ కంపెనీకి ఇచ్చిరి. ప్రయాణికులకు ముందుగా నొక్క మాటయు చెప్పలేదు. జనులు కోపింపగా ఆ పని నిలిపివేసిరి.

పేర్లు తీసివైచిన పిమ్మట నింక దోషమేమని యడుగవచ్చును. దీనికి మెల్బోర్ను నగరపు వృత్తాంతమే సమాధానము. అచ్చటి రవాణాధికారులు 2018లో, మూడేండ్ల ప్రయాణముల లెక్కలను, 1 కోటి 51 లక్షల కార్డులకు సంబంధించినవి, పరిశోధన పోటీయొకదానికై విడుదల చేసిరి. కార్డుల సంఖ్యలు మార్చిరి; పేర్లు లేవు. అయినను మెల్బోర్ను విశ్వవిద్యాలయపు పండితులు ముందుగా తమ ప్రయాణములను గుర్తుపట్టిరి. తాము ఏ దినము ఏ వేళ ఎక్కినది తమకు తెలియును గదా. ఒకటి రెండు ప్రయాణములతో తమ కార్డు దొరికినది. తమతోడ నొకసారి ప్రయాణము చేసిన సహోద్యోగి కార్డును దొరికినది. కార్డు దొరికినచో మూడేండ్ల రాకపోకలన్నియు దొరికినట్లే. శాసనసభ్యుడొకడు తాను రైలెక్కితినని బహిరంగముగా వ్రాసికొన్న మాటలనుబట్టి ఆయన కార్డును సైతము పట్టగలిగిరి. ఆ రాష్ట్రపు సమాచార కమిషనరు 2019లో దీనిని తప్పుగా నిర్ణయించెను. ఇది యొక నగరపు విచిత్రము మాత్రమే కాదు. 15 లక్షలమంది సెల్‌ఫోనుల జాడలను పరిశీలించిన పండితులు, ఒక మనుష్యుడు ఏ చోట ఏ వేళ నున్నాడో నాలుగుమార్లు తెలిసినచో చాలును, నూటికి 95 మందిని తక్కినవారినుండి వేరుపరుపవచ్చునని 2013లో ప్రకటించిరి. అనగా మన నడకయే మన పేరు. కాగితముమీది పేరును కొట్టివేయవచ్చును గాని, నడకను కొట్టివేయుట కష్టము.

ఇంక అసలు ప్రశ్నకు వత్తము. దాచవలసిన దేమున్నది? మన భాషయే దీనికి సమాధానము చెప్పుచున్నది. తెలుగులో గుట్టు వేరు, కుట్ర వేరు. గుట్టుగా బ్రదుకుచున్నారన్నచో మర్యాదగా బ్రదుకుచున్నారని యర్థము. తప్పు చేయుచున్నారని కాదు. ఇంటిలో బియ్యము నిండుకొన్నను ప్రక్కవారికి తెలియనీయక, వచ్చిన యతిథికి మజ్జిగ యైన నిచ్చి పంపు గృహిణిని గుట్టుగల యిల్లాలని మెచ్చుకొందుము. ఆమె దాచినది నేరము కాదు, తన గౌరవము. అట్లే ప్రయాణములయందును గుట్టు కలదు. భర్త కొట్టగా, పుట్టింటికైన చెప్పక న్యాయవాదియొద్దకు పోవు స్త్రీ యున్నది. తనకు క్షయయో కాదో తెలిసికొనుటకై ఆసుపత్రికి పోవు యువకు డున్నాడు. యజమానికి తెలిసిన పని పోవునను భయముతో కార్మికుల సభకు పోవువా డున్నాడు. వేరు కులపు వానిని పెండ్లాడదలచి రిజిస్ట్రారు కచ్చేరికి దారి వెదకు పిల్ల యున్నది. వీరిలో దొంగ యెవరు? ఒక్కరును లేరు. ఒక్కొక్కరికిని దాచుకొనవలసిన కారణము మాత్రము కలదు. ఆ కారణము వారి తప్పు కాదు, చాలవరకు లోకము తప్పు. లోకము తప్పులేనిదైన నాడు గుట్టు వీడుడని వీరికి చెప్పవచ్చును. అంతవరకు చెప్పుటకు మన కధికారము లేదు.

మన శాస్త్రములు చదివినవా రొక యాక్షేపణ చేయవచ్చును. భారతము ఆదిపర్వమున శకుంతల దుష్యంతునితో, నరుడు చేయు పనులకు సూర్యచంద్రులును, వాయువును, అగ్నియు, తన హృదయమును సాక్షులని హితవు చెప్పును. ఇన్ని సాక్షు లెప్పుడును మనల చూచుచుండగా, మరియొక యంత్రము చూచిన నేమి కొఱత? ఈ యాక్షేపణ గొప్పది. దీనికి మా సమాధాన మిది. సూర్యచంద్రులు చూతురు గాని చెప్పరు. వారు తమ సాక్ష్యమును బీమాకంపెనీకి విక్రయింపరు; పగబట్టిన భర్తకు అందింపరు; కూలిపని ఇచ్చువానికి చూపరు. ఆ కథలోనే చూడుడు: సాక్షులను తలపించుట దుష్యంతుని మనస్సును మేల్కొలుపుటకే. మనస్సాక్షి లోపలినుండి మనలను నిలువబెట్టును. యంత్రసాక్షి వెలుపలినుండి మనలను వంచును. మొదటిదానివలన ధర్మము పుట్టును; రెండవదానివలన భయము పుట్టును.

ఈ భేదము పాఠశాలలో మాకు దినదినమును కనబడుచున్నది. ఉపాధ్యాయుడు గదిలో నున్నంతసేపు చూచివ్రాయని విద్యార్థి నిజాయితీపరుడో కాడో చెప్పలేము. ఉపాధ్యాయుడు వెలుపలికి పోయినప్పుడు చూచివ్రాయనివాని నిజాయితీయే నిజాయితీ. ఎల్లప్పుడు కావలి యున్నచో పిల్లలు తప్పు చేయకపోవచ్చును. మంచివారగుటకు వారి కవకాశమే యుండదు. మేమును ప్రతిదినము హాజరుపట్టీ వ్రాయుదుము. అది పిల్లవాడు బడికి వచ్చెనా రాలేదా యని మాత్రమే చెప్పును. ఏ వీథిన వచ్చెను, దారిలో నెవరియింట నాగెను, ఎవరితో మాటలాడెను అని వ్రాయుటకు దానిలో గడి లేదు. ఉండినచో దానిని హాజరుపట్టీ యనరు.

భయము మనుష్యులను శిక్షకు ముందుగనే మార్చును. 2019లో హాంకాంగున పెద్ద యాందోళనము సాగినప్పుడు, సభలకు పోయిన జనులు తమ యాక్టోపసు కార్డులను జేబులలో నుంచుకొని, ఒక్క ప్రయాణపు టిక్కెట్టులకై యంత్రములయెదుట బారులు తీరి నిలిచిరి. కార్డు తాకించినచో త్వరగా పోవచ్చునని వారికి తెలియదా? తెలియును. తాకించినచో తమ జాడ నిలుచునని కూడ తెలియును. సౌకర్యముకొరకు పుట్టిన వస్తువు సాక్షిగా మారినదని జనులు గ్రహించిన దినమది. ఆ జనుల పక్షము న్యాయమా, ప్రభుత్వపక్షము న్యాయమా యను చర్చ యిచ్చట నక్కరలేదు. ఏ పక్షమువారైనను సభకు పోవుటకు జంకవలసిన స్థితి పౌరునకు తగదు.

ఇంతకంటె దగ్గరి యుదాహరణము మన నేలమీదనే కలదు. ఆంగ్లప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమను దానిని చేసినది; 1911 చట్టముతో నది మద్రాసు రాజధానికిని వచ్చినది. ఎరుకలు మొదలగు జాతులవారిలో నెందరో పోలీసుల పట్టీలలో నెక్కిరి. స్టూవర్టుపురమువంటి స్థావరములలో వారి నుంచిరి. నిర్ణీతమైన హద్దు దాటి పోవలెనన్నచో వారికి అనుమతిచీటి కావలయును. పోయినచోట హాజరు చెప్పుకొనవలయును. ఒక్క నేరము చేయని వృద్ధురాలికిని, పుట్టుకయే నేరమైపోయినది. దేశమంతటను ఆ చట్టము 1952లో రద్దయ్యెను గాని, దాని మచ్చ యింకను పూర్తిగా మాయలేదు. నేటి కార్డు ఆ చట్టముతో సమానమని మేమనము. అట్లనుట ఆ జనులు పడిన బాధను చిన్నచేయుట యగును. కాని దానినుండి నేర్వదగిన పాఠ మొకటి గలదు. రాకపోకల లెక్క యొకరి చేతిలో నున్నప్పుడు, ఆ లెక్క మొదట బలహీనుని మీదనే ప్రయోగింపబడును. పెద్దలు తమ సొంత కార్లలో పోవుదురు. బస్సులోను మెట్రోలోను పోవువారు గుమాస్తాలు, కూలీలు, విద్యార్థులు, ఇంటిపనికి పోవు స్త్రీలు. వారి జాడయే మిక్కిలి వివరముగా వ్రాయబడుచున్నది.

దొంగలను పట్టుట కిది యక్కరకు వచ్చునే, తప్పిపోయిన బాలుని వెదకుట కుపయోగించునే యని మరికొందరు చెప్పుదురు. నిజమే. ఒకనిమీద అనుమానము కలిగినచో, కారణము చూపి, న్యాయాధికారి యాజ్ఞ పొంది, వాని ప్రయాణములను పరీక్షించుట న్యాయమే. కాని ఒక దొంగ దొరకుటకై ఊరందరి యిండ్లలోను ముందుగా సోదా చేసి, ఆ వస్తువుల పట్టిక పోలీసుఠాణాలో నుంచుట న్యాయమగునా? అనుమానము ముందు, వెదకుట వెనుక, ఇది ధర్మక్రమము. అందరిని వ్రాసి పెట్టుకొని పిమ్మట అనుమానించుట ఆ క్రమమును తలక్రిందులు చేయుటయే.

మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమున మంచి మార్గము చూపినది. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారి వ్యాజ్యమున 2017 ఆగస్టు 24వ తేదీని తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా, వ్యక్తిగత గోప్యత మూలహక్కని తీర్పు చెప్పిరి. ఆ హక్కును తగ్గింపవలెనన్నచో దానికొక చట్టముండవలయును, న్యాయమైన ప్రయోజన ముండవలయును, తగ్గించుట ఆ ప్రయోజనమునకు మించకుండవలయును. 2023లో చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పని తీరిన పిమ్మట సమాచారమును తుడిచివేయవలెనని చెప్పుచున్నది. ప్రభుత్వము తన సంస్థలను ఆ చట్టమునుండి తప్పించుకొనుటకును అందే త్రోవ యున్నది. తలుపు పెట్టి, గొళ్లెము వెలుపల నమర్చినట్లున్నది. అయినను తలుపు పెట్టినందుకు సంతోషింపవలసినదే. గొళ్లెమును గూర్చి ప్రజలు గట్టిగా నడుగవలసినదే.

ఆచరణమున సాధ్యమగు పనులును గలవు. రిజర్వు బ్యాంకువారు 2024 ఫిబ్రవరిలో, 3,000 రూపాయలకు మించని ప్రయాణపు కార్డులను పేరు, చిరునామా పరీక్షింపకయే యియ్యవచ్చునని యనుమతించిరి. పేరు లేకయే బండి నడుచునని దీనివలన తేలినది. లండనులో ఓయిస్టరు కార్డుకును దాని ప్రయాణములకును గల ముడిని ఎనిమిది వారములకు పిమ్మట విప్పుదురు. లెక్కను కలకాలము దాచనక్కరలేదని దీనివలన తేలినది. వీనితోడ మరి రెండు కోరవలయును. నాణెములిచ్చి ప్రయాణము చేయువానికి కార్డువానికంటె నెక్కువ వెల విధింపరాదు. విధించితిరేని గుట్టు ధనవంతుల వస్తువగును. మార్గముల రద్దీ తెలిసికొనుటకు మొత్తముల లెక్క చాలును. ఒక్కొక్కరి జాడ యక్కరలేదు.

వీనియన్నిటికంటె సులభమైన యాదర్శము మన బస్సులలోనే కనబడినది. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండియు స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చినది. ఆ పథకములు ఆరంభమైనప్పుడు కండక్టరు ఆమె చేతనున్న గుర్తింపుకార్డును కంటితో చూచి, ఈ రాష్ట్రపు స్త్రీయే యని తెలిసికొని, వెలలేని టిక్కెట్టు చేతికిచ్చి ముందుకు సాగెడివాడు. ఆమె పేరు చూచెను. మరుసటి స్టాపు వచ్చునప్పటికి మరచెను. అర్హత తెలియుట ఒకటి, జ్ఞాపక ముంచుకొనుట మరియొకటి. సంఘమునకు మొదటిది కావలయును. రెండవది కావలెనని ఇంతవరకెవరును నిరూపింపలేదు. ఆ కండక్టరు మరపును యంత్రమునకు నేర్పగలిగిననాడు, ఈ కార్డును మేము మనస్ఫూర్తిగా మెచ్చుకొందుము.

ప్రయాణికుడు బండివానికి బాకీ పడునది కూలి మాత్రమే. తన జీవితవృత్తాంతము కాదు. అప్పిచ్చినవాడు బాకీ తీరినంతనే పత్రముమీద చెల్లు వ్రాసి, బాకీదారు నెదుటనే చించివేయుట మన పల్లెలలో మర్యాద. చించక పెట్టెలో దాచుకొన్నవానిని, ఎంత పెద్దమనిషి యైనను, ఊరివారు నమ్మరు. మన దినదిన ప్రయాణముల పత్రములు నేడెవరి పెట్టెలలోనో చించబడక పడియున్నవి. కూలి యిచ్చితిమి, పత్రము చించుడు అని యడుగుట దొంగల లక్షణము కాదు, ఋణము తీర్చినవాని హక్కు.